దీనికి కాళ్లు మేమే

కొండాపూర్, అంజయ్య నగర్
2025 ఆగస్టు 17, ఆదివారం

మా తాత నోటి మాటను మీరు మీ పేరు మీద వేసుకున్నారు.

నమస్కారం తర్వాత పెడతాను, పెట్టబుద్ధి అయితే.

మీ కంపెనీ తెలుగు నిఘంటువు యాప్ పోయిన నెల విడుదలైంది కదా. దాని హోర్డింగు మా సెక్యూరిటీ గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల కట్టారు. మీరు లోపల ఏడో అంతస్తులో ఉంటారు, మీకు కనపడదు. నేను పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా దాన్ని చూస్తూ నిలబడాలి. ఇల్లంత అక్షరాలు. "మంచానికి నాలుగు కాళ్లు. పల్లకికి కాళ్లు మనుషులే." పక్కన ఒక ముసలాయన బొమ్మ. మా తాత కాదు. ఎవరో తెల్లగడ్డం మోడల్. భుజం నున్నగా ఉంది, మోసినోళ్ల భుజం మీద ఉండే కాయ కూడా లేదు.

ఆ మాట ఎవరిది మేడం?

పోయిన ఏడాది జులైలో, మా రూములో, మాకున్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని "పల్లకి అంటే అసలు మంచం అని అర్థం తాతగారూ, పర్యంకం అనే మాట నుంచి వచ్చింది" అని మీరే చెప్పారు. తాత నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గొస్తే నేను వీపు రాశాను. "మంచమా? మంచానికి కాళ్లుంటయ్ గద బిడ్డా. దీనికి కాళ్లు మేమే" అన్నాడు. మీరు "అబ్బ, మళ్లీ చెప్పండి" అన్నారు. మళ్లీ చెప్పాడు. మీ రికార్డింగు మిషన్‌లో ఎర్ర లైటు వెలుగుతోంది.

ఆయన "మేమే" అన్నాడు. మీరు "మనుషులే" అని దిద్దారు. "మేమే"లో మా తాత ఉన్నాడు, తాత వాళ్ల నాయన ఉన్నాడు. "మనుషులే"లో ఎవడున్నాడు?

యాప్ ఫోన్‌లో ఎక్కించుకొని "పల్లకి" కొట్టి చూశాను. బాగానే రాశారు, కాదనను. సంస్కృతంలో పర్యంకం, పల్యంకం. పాళీలో పల్లంకం. హిందీలో పాల్కీ. మన రేవుల్లో దిగిన పోర్చుగీసువాళ్ల నోట్లో పలంకిం. వాళ్ల దగ్గర నుంచి ఇంగ్లీషువాళ్ల నోట్లో పాలంక్విన్. అటు ఓడెక్కి జావా దాకా. మ్యాపు మీద ఎర్ర గీత కూడా గీశారు. ఆ మాటకు ఓడ దొరికింది, రేవు దొరికింది, దిగిన ప్రతి దేశంలో కొత్త పేరు దొరికింది. దాని కింద నడిచినోనికి ఒక్క లైను దొరకలేదు. అట్టడుగున "చెప్పినవారు: కిరణ్మయి" అని ఉంది. మీరు ఎన్నడు మోశారు మేడం? ఏ దారిలో?

మరిచిపోయి ఉంటే గుర్తు చేస్తాను. నా పేరు స్వామి. మీ టవర్ గేటు దగ్గర గార్డును. టెన్త్ ఫెయిల్. డ్యూటీలో పాత నిఘంటువు చదువుతుంటే మీరే కారు ఆపి "ఇదెక్కడ దొరికింది?" అని అడిగారు. కోఠి ఫుట్‌పాత్ మీద అన్నాను. మా తాత కిష్టయ్య బోయీ అని, దొరలింటి పల్లకి మోసినోడని చెప్పింది నేనే. మిమ్మల్ని నాలుగంతస్తులు ఎక్కించి రూముకు తెచ్చింది నేనే. అందుకే ఈ కోపంలో సగం నా మీద.

పేరు సంగతి ఒకటి. అసలు సంగతి ఇంకొకటి.

పల్లకి ముందు మోసేవాడు దారిని పిలుస్తాడు. "ఎడమ రాయీ", "కుడి ముల్లూ" అని. వెనకవాడికి పల్లకి అడ్డం, దారి కనపడదు. వాడు "విన్న" అంటేనే ముందువాడు రెండో అడుగు వేస్తాడు. నాకు తెలిసింది ఈ రెండు పిలుపులే. మిగతావి తాత నాకు ఎన్నడూ చెప్పలేదు. మీకు చెప్పేటప్పుడు కూడా "చాయ్ తెపో" అని నన్ను బయటికి తోలేవాడు. నాలుగు ఆదివారాలు, నాలుగు చాయ్‌లు. అన్నీ మీకే చెప్పాడు. మీ యాప్‌లో "బోయీల పిలుపులు" అని ఉంది, పక్కన తాళం బొమ్మ ఉంది. ఒత్తితే "సంస్థ ఈమెయిల్ ఉన్న పరిశోధకులకు మాత్రమే" అంటోంది.

మా తాత పోయిన నవంబరులో చనిపోయాడు. మెట్ల మీద మేం మోసుకెళ్తుంటే పడిపోయి. పిలవడానికి మా నోట్లో మాటల్లేవు. మాటలు మీ మిషన్‌లో ఉన్నాయి.

తిథి ప్రకారం అక్టోబరు 24కు ఏడాది. మోసినోడు పోయిన ఏడాదికి మా ఇంట్లో ఒక పని చేస్తారు. వెదురు బొంగుకు ఆయన గొంగడి కట్టి, ఇంటి నుంచి ఆయన్ని పూడ్చిన బొందలగడ్డ దాకా ఇద్దరు మోస్తారు. అందులో ఎవరూ ఉండరు. ముందున్నోడు పిలుస్తాడు, వెనకున్నోడు "విన్న" అంటాడు. బతికినంతకాలం బరువుతో నడిచినోనికి దారిని ఒక్కసారి తేలిగ్గా చూపించడం అది. పిలుపులు వచ్చినోడు ఇప్పుడు మా ఊళ్లో ఒక్కడూ లేడు. మా తాతే ఆఖరు.

ఆయన గొంతు నాకు కావాలి.

ఫోన్ చేస్తే ఎత్తరు. అందుకే కాగితం. రిసెప్షన్‌లో ఇన్‌వర్డ్ రిజిస్టర్‌లో ఎక్కించి సంతకం తీసుకున్నాను. రాలేదు అనడానికి లేదు.

స్వామి


నిజాంపేట
2025 ఆగస్టు 29

శ్రీ స్వామి గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. తాతగారి మరణవార్త చదివి చాలా బాధపడ్డాను. నా ప్రగాఢ సానుభూతి.

మీరు లేవనెత్తిన విషయాలు మా న్యాయ విభాగం దృష్టికి తీసుకెళ్లాను. వారు చెప్పినదేమిటంటే, రికార్డు చేసిన రోజునే తాతగారు అనుమతి పత్రం మీద వేలిముద్ర వేశారు. దాని ప్రకారం ఆ రికార్డింగులు సంస్థవి. వాటి ప్రతులు బయటివారికి ఇచ్చే వీలు ప్రస్తుతానికి లేదు. చెప్పినవారి పేరు విషయంలో సాంకేతిక కారణాల వల్ల పొరపాటు జరిగి ఉండవచ్చు, పరిశీలిస్తున్నారు. ప్రకటనలోని వాక్యం ప్రచార విభాగం వారు భాషాపరంగా సవరించుకున్నారు. దానికీ నాకూ సంబంధం లేదు.

ఈ విషయమై ఫోనులో మాట్లాడవద్దని నాకు సూచించారు. ఆఫీసు మెయిల్ కూడా వద్దు, అక్కడ రాసినది పదిమంది చదువుతారు. అందుకే నేనూ కాగితం మీదే రాస్తున్నాను. దయచేసి అర్థం చేసుకోగలరు.

భవదీయురాలు
కిరణ్మయి

తాతగారు పోయిన సంగతి నాకు నిజంగా తెలియదు. ఎవరూ చెప్పలేదు.


కొండాపూర్
2025 సెప్టెంబరు 7, ఆదివారం

మేడం,

"శ్రీ స్వామి గారికి" అని చదివి వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా ఉన్నారా అని. మీరు నన్ను ఎప్పుడూ "నువ్వు" అనేవారు. "స్వామీ, నా క్యాబ్ వచ్చిందా చూడు" అనేవారు. ఆ "నువ్వు"లో తప్పేం లేదు, వయసులో చిన్నవాణ్ణి. ఈ "మీరు" ఎక్కణ్ణుంచి వచ్చింది? లాయరు ఇచ్చాడా?

ఎవరూ చెప్పలేదన్నారు. నేను చెప్పాను.

పదకొండో రోజు అయ్యాక మళ్లీ డ్యూటీకి వచ్చాను. గుండుతో. మీకు గేటు తీసింది నేనే. నెత్తిన జుట్టు లేక టోపీ వదులై కళ్ల మీదికి జారుతోంది, ఒక చేత్తో దాన్ని పట్టుకొని ఇంకో చేత్తో మీ కార్డు చూస్తున్నా. "మేడం, తాత..." అన్నాను. మీ చెవిలో ఫోన్. "గుడ్ మార్నింగ్ స్వామీ" అని వేలు ఎత్తి, ఒక్క నిమిషం అన్నట్టు సైగ చేసి లోపలికి పోయారు. ఆ నిమిషం ఇంకా అయిపోలేదు.

వేలిముద్ర అన్నారు. ఆ కాగితం ఏ భాషలో ఉంది? తెలుగు నిఘంటువు కోసం ఇంగ్లీషు కాగితం. నేను చదివి చెప్తానంటే "బిడ్డ మంచిదేరా, మల్ల చదువుడేంది" అని తాతే వేలు పెట్టేశాడు. దొర కాగితాలకు గూడ గట్లనే పెట్టినోడు. అలవాటు.

సాంకేతిక కారణం అని రాశారు. ఆ మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో కూడా మీ యాప్‌లో పెట్టండి.

తాత ఎట్ల పడ్డాడో మీకు తెలియాలి. మూడు రోజులు జ్వరం. శనివారం పొద్దున ఆరింటికి అంబులెన్స్ వచ్చింది, గల్లీ సన్నం, మొదట్లోనే ఆగింది. మా బిల్డింగ్‌కు లిఫ్ట్ లేదు, మీకు తెలుసు, మీరు మూడో అంతస్తులో ఆగి ఆయాసపడ్డారు. మీరు కూర్చున్న ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే తాతను కూర్చోబెట్టి తువ్వాలతో కట్టాం. ముందు కాళ్లు నేను పట్టాను. వెనక నా రూమ్మేటు రాజు. మాల్‌లో హౌస్‌కీపింగ్ చేస్తాడు, బలమైనోడు. కానీ వాడి కళ్లకు కుర్చీ వీపు అడ్డం.

నాలుగు దిగాం. మూడు దిగాం. రెండో అంతస్తు మలుపులో ఎవరో బట్టలు పిండిన సబ్బు నీళ్లు. నేను కుడి పక్క నుంచి పోయాను. రాజు ఎడమ కాలు అందులో పెట్టాడు. కుర్చీ ఒరిగింది. నా చేతిలో కుర్చీ కాళ్లున్నాయి, తాత లేడు. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో తొమ్మిది రోజులు ఉన్నాడు.

రాజు ఇప్పటికీ నా ముఖం చూసి అన్నం తినడు. నేను వాణ్ణి ఏమీ అనలేదు. వాడి తప్పు కాదు. వెనకున్నోనికి దారి కనపడదు. ముందున్నోడు పిలవాలి. నేను పిలవలేదు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి నాకు వచ్చి ఉంటే! యాభై ఏళ్లు ఒక్క దొరసానినీ కింద పడనీయని మనిషి, ఆయన సొంత మనవడి చేతిలో నుంచి పడ్డాడు. ఆయన పిలుపులు అప్పటికి మూడు నెలలుగా మీ ఏసీ గదిలో భద్రంగా ఉన్నాయి.

ఊళ్లో శవాన్ని మోసినప్పుడు కూడా అంతే. నలుగురం నోరు మూసుకొని నడిచాం. మా మేనత్త భాగ్యమ్మ దారి పొడవునా అడుగుతూనే ఉంది, "పిలుస్తలేరేందిరా, మీకు నోళ్లు లేవా? మా నాయనను మూగోనోలె తీస్కపోతున్నరు" అని.

ఈసారి లాయరు చదివిన ఉత్తరం పంపకండి. మీరు రాసింది పంపండి.

స్వామి


నిజాంపేట
2025 సెప్టెంబరు 28

స్వామీ,

ఇది నేను రాస్తున్నది. ఎవరికీ చూపించలేదు.

టోపీ నాకు గుర్తుంది. లిఫ్టులో పైకి వెళ్తూ "సెక్యూరిటీ వాళ్లకు కొత్త టోపీలు ఇచ్చినట్టున్నారు, కొలతలు సరిగ్గా లేవు" అనుకున్నాను. అంతవరకే అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక మూడు రోజులు ఆఫీసుకు వెళ్లలేదు. సెలవు చీటీలో జ్వరం అని రాశాను.

ముందు పేరు సంగతి. "సాంకేతిక కారణం" అబద్ధం కాదు, నిజమూ కాదు. మాకు ఒక ఫారం ఉంటుంది. అందులో "చెప్పినవారి ఈమెయిల్" అనే గడి నింపనిదే ముందుకు కదలదు. తాతకు ఈమెయిల్ లేదు. ఆ రోజు గడువు ఆఖరు రోజు. నాది పెట్టాను. ఈమెయిల్ ఎవరిదైతే వాళ్ల పేరు కింద దానంతట అదే పడిపోయింది. తర్వాత మార్చవచ్చులే అనుకున్నాను. ఆ వారమే "పల్లకి"ని అందరికీ తెర మీద వేసి చూపించారు. చప్పట్లు కొట్టారు. "కాళ్ల లైను ఎవరిది కిరణ్మయీ, అదిరింది" అన్నారు. నాది కాదు అని చెప్పడానికి నోరు తెరిచాను. నవ్వి మూసేశాను. నేను చేసిన తప్పు ఫారంలో కాదు, అక్కడ.

వారం కింద పేరు మార్చమని పెట్టాను. మళ్లీ అదే గడి అడ్డం వచ్చింది. చెప్పినవారి ఈమెయిల్ కావాలట.

ఇక పిలుపుల సంగతి. నీకు ఇది చెప్పకుండా తప్పించుకోవాలనే మొదటి ఉత్తరం అలా రాశాను. సంస్థ ఆస్తి, న్యాయ విభాగం, అవన్నీ నిజమే, కానీ వాటి వెనక నేను దాక్కున్నాను. గొంతు సర్వర్‌లో ఉంది, నకలు తీసే అధికారం నాకు లేదు. కానీ పిలుపులన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి. నలభై మూడు. ఒక్కొక్కటీ ఆయన ఎలా సాగదీశాడో, ఎక్కడ తెంపాడో గుర్తులు పెట్టుకున్నాను. ఇంట్లో పైకి చదువుకుంటే ఆయన అన్నట్టే వస్తాయి.

అవి నీకు ఇవ్వవద్దని తాత నా చేత మాట తీసుకున్నాడు.

నాలుగో ఆదివారం అది. నిన్ను చాయ్‌కి పంపాక మిషన్ ఆపమన్నాడు. ఆపాను. అప్పుడు చెప్పినవి ఎక్కడా రికార్డు కాలేదు. ఇంటికి వచ్చి రాసుకున్నాను. ఆయన మాటల్లోనే రాస్తాను, నా యాస కలిస్తే క్షమించు.

"నాకు పదిహేనేండ్లు బిడ్డా. నాయన ముంగట, నేను ఎన్క. మేనాల దొరసాని. ఆమె మొకం నేనెన్నడు సూడలే, బరువే ఎరుక. ఆమె కడుపుతోని ఉన్నదని దొరకంటె ముందుగాల మా భుజాలకే తెల్సింది, గంత ఎరుక. సగం తొవ్వల నాయన పిలుపు ఆగింది. 'ఎడమ గుంతా' అనెటోడు 'ఎడమ' అని ఊకున్నడు. నేను విన్న అందామని సూస్తున్న, మాట పూర్తి కాలె. కూలబడ్డడు. మేమిద్దరం గాక ఇంకిద్దరున్నరు, మేనా దించనియ్యలె. దొర గుర్రం మీదికెల్లి 'ఆపకుండ్రి, పొద్దు పోతది' అన్నడు. నాయనను ఒడ్డుకు జరిపి నన్ను ముంగటికి తెచ్చిన్రు. అప్పటిదాంక నేనెన్నడు పిలువలె. నోరు తెరిస్తె నాయన గొంతే వచ్చింది. అదే పిలుపు, అదే రాగం. ఎన్కకు తిరిగి సూడనీకి లేదు, ముంగటోడు ఎన్కకు సూడొద్దు. నాయన ఆడ్నే ఉన్నడు. నేను పిల్సుకుంట పోయిన.

ఆనాడు నోట్ల పడ్డది, యాభై ఏండ్లు భుజం మీదికెల్లి దిగలే. మా పోరడు పుస్తకాలు సదువుతడు. వానికి జెప్పకు. నువ్వు రాసుకో, దేశమంత జెప్పు, వానికి ఒక్కనికి జెప్పకు. ఈ మాటలు వచ్చినోనికి ఎవడో ఒకడు ఏదో ఒకటి ఎత్తుతనే ఉంటడు."

సరే తాతా అన్నాను. అంతలో నువ్వు చాయ్ తెచ్చావు. ఆయన వెంటనే మాట మార్చేశాడు. మా టవర్ లిఫ్టు ఎక్కిన రోజు సంగతి చెప్పాడు, "గంత మందిని ఎక్కించుకోని పోతుంటె కింద మోసెటోళ్లు ఎందరున్నరురా అని అడిగిన, మావోడు నగిండు" అని. నువ్వు మళ్లీ నవ్వావు. నేను నవ్వలేకపోయాను. నీకు గుర్తుందా?

పల్యంకం నుంచి పలంకిం దాకా ఆ మాట వెంట రెండేళ్లు తిరిగాను, స్వామీ. ఎవరి నోటి నుంచి ఎవరి నోట్లోకి వెళ్లిందో ప్రతి మెట్టుకూ సాక్ష్యం వెతికాను. ఎక్కిన వాళ్లు, చూసిన వాళ్లు, అమ్మిన వాళ్లు ఆ మాటను రాసిపెట్టారు. మేనా అన్నది కూడా దొరలింటి మాటే, మోసినవాళ్లు తమలో తాము దాన్ని ఏమని పిలుచుకునేవారో నేను తాతను అడగనే లేదు. నాలుగు ఆదివారాల్లో ఒక్కసారి కూడా తోచలేదు. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు.

నోటుబుక్కు నా బల్ల మీద ఉంది. నీకు ఇస్తే ఆయనకిచ్చిన మాట పోతుంది. ఇవ్వకపోతే ఆయన ఏడాది మూగగా పోతుంది.

ఒక్కటి అడగాలని ఉంది. చెప్పబుద్ధి కాకపోతే వదిలెయ్. ఆ పొద్దున కుర్చీలో ఉన్నప్పుడు తాత ఏమీ అనలేదా? నాలుగు వారాలు ఆయన ఎదురుగా కూర్చున్నాను. నాకు తెలిసిన కిష్టయ్య తాత, తనను మోస్తున్నా సరే, దారి కనపడుతుంటే ఊరుకునే మనిషి కాదు.

కిరణ్మయి


కొండాపూర్
2025 అక్టోబరు 12, ఆదివారం

మేడం, నమస్కారం.

మీరు ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. రెండు వారాలు జవాబు రాయలేదు. మూడుసార్లు రాసి చింపాను. రాజు చూసి "ఏందిరా, లవ్ లెటరా?" అన్నాడు. ఏడాదికి వాడు నాతో ఆడిన మొదటి పరాచికం అది. వాడికి ముందు చెప్పాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను.

తాత పిలిచాడు.

జ్వరం వచ్చిన మూడు రోజులూ పిలుస్తూనే ఉన్నాడు. పడుకొని, కళ్లు మూసుకొని, పాట లాగా. "ఎడమ రాయీ... కుడి ముల్లూ..." తర్వాత నాకు తెలియనివి ఏవేవో. రూములో రాళ్లెక్కడివి, ముళ్లెక్కడివి. జ్వరం నెత్తికెక్కింది, పాత సంగతులు అంటున్నాడు అనుకున్నాం. కుర్చీలో కట్టి ఎత్తగానే గొంతు మారింది. గట్టిగా వచ్చింది. ఒక్కో మెట్టుకు ఒకటి. పిలిచి, ఆగుతున్నాడు. మళ్లీ పిలిచి, ఆగుతున్నాడు. ఎందుకు ఆగుతున్నాడో నాకు ఎక్కలేదు.

"విన్న" కోసం ఆగుతున్నాడు మేడం. వెనక నుంచి "విన్న" వస్తుందని ఆగుతున్నాడు. రాజు పాపం ఏమంటాడు, వాడికేం తెలుసు. నాకు తెలుసు. మీకు మొదటి ఉత్తరంలో గొప్పగా రాశాను కదా, "విన్న" అంటేనే రెండో అడుగు అని. తెలిసినోణ్ణి నేనే.

మూడో అంతస్తు దిగుతుంటే పక్క పోర్షనోళ్లు తలుపులు తీసి చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. ఇది ఇన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. ముసలాయన పిచ్చిగా అరుస్తున్నాడు అనుకుంటారని సిగ్గేసింది. "ఊకో తాతా, ఈడ రాళ్లు లేవు ముళ్లు లేవు, జర నోరు మూసుకో" అన్నాను.

నోరు మూసుకో అన్నాను.

ఆయన మూసుకున్నాడు. రెండో అంతస్తు మలుపులో మళ్లీ తెరిచాడు. "ఎడమకు..." అన్నాడు. నేను తల తిప్పకుండానే "తాతా!" అని గద్దించాను. మాట తెగిపోయింది. తర్వాత సబ్బు నీళ్లు, రాజు కాలు, మిగిలింది మీకు రాశాను.

మీ ఉత్తరంలో ఆయన వాళ్ల నాయన "ఎడమ" అని ఊకున్నాడని చదివినప్పుడు గేటు వదిలి బాత్రూంలోకి పోయి కూర్చున్నాను. సూపర్‌వైజర్ వచ్చి తలుపు కొట్టాడు. వాళ్ల నాయన మాట చావు తెంపింది. మా తాత మాట నేను తెంపాను.

తొమ్మిది రోజులు దవాఖానలో ఆయన ఒక్క పిలుపూ పిలవలేదు. నా చెయ్యి పట్టుకొని పడుకున్నాడు. ఒక్కసారి మాత్రం "రాజు కాలుకు దెబ్బ తాకలే గద?" అని అడిగాడు.

ఇన్నాళ్లు మీ మీద రాసిందంతా నిజమే, వెనక్కి తీసుకోను. పేరు మీరు మింగారు. కానీ మాటలు మీ మిషన్‌లో ఉండిపోయి మా తాత పడలేదు. మాటలు మా మెట్ల మీదనే ఉన్నాయి, ఆయన నోట్లోనే ఉన్నాయి. వినేటోడు లేడు. మీరు కనీసం కూర్చొని విన్నారు. నాలుగు ఆదివారాలు.

మీరు ఇచ్చిన మాట గురించి ఆలోచించాను. తాత నాకు చెప్పొద్దన్నాడు, సరే. కానీ ఆ శనివారం ముందు ఉన్నది నేను, వెనక ఉన్నది రాజు, పిలిచింది ఆయన. మాకోసమే పిలిచాడు. దాచిపెట్టిన మాటను ఆయనే బయటికి తీసి నా చెవిలో పెట్టాడు. ఒట్టు ఆయనే తీసేశాడు మేడం, మీరు కట్టుబడి ఉండాల్సిన పని లేదు. అయినా మీ మనసు ఒప్పుకోకపోతే నోటుబుక్కు నాకు ఇవ్వొద్దు. నేను నేర్చుకోను. దానికి వేరే దారి ఉంది, కింద రాస్తాను.

నాకు రెండు కావాలి.

ఆ గడి నింపండి. తాత పేరు మీద ఈమెయిల్ తెరిచాను. రాజు ఫోన్ నంబరు పెట్టాం. పుట్టిన తేదీ అడిగింది, ఎవరికి తెలుసు, జనవరి ఒకటి కొట్టాను. పాస్‌వర్డు చీటీ ఈ కవరులోనే ఉంది. "చెప్పినవారు: కిష్టయ్య" అని పడాలి. హోర్డింగు మీద "మేమే" అని దిద్దించడం మీ చేతిలో లేకపోతే, మీ ఏడో అంతస్తులో చప్పట్లు కొట్టినోళ్ల ముందు నిలబడి ఆ మాట నాది కాదని మీ నోటితో చెప్పండి. గొంతు కోసం నేను వేరేగా కొట్లాడతాను, మీ లాయరుతోనే. అది మీ మెడకు చుట్టను.

రెండోది. అక్టోబరు 24 శుక్రవారం పొద్దున లింగంపల్లి స్టేషన్‌లో తాండూరు వైపు పోయే మొదటి రైలు ఎక్కుతున్నాం, నేను, రాజు. మీరూ రావాలి. నోటుబుక్కు తెచ్చుకోండి. తాత గొంగడి కట్టిన బొంగును ముందు రాజు ఎత్తుతాడు, వెనక నేను. మా ఇద్దరికీ ముందు మీరు నడవాలి. నడుస్తూ పిలవాలి. నలభై మూడు. మా భాగ్యమ్మత్తకు ఫోన్ చేసి చెప్తే "ఆడమనిషి ముంగట నడుసుడేందిరా, ఆమె మనోళ్లా?" అంది. పిలుపు ఎవరి దగ్గరుంటే వాళ్లే ముంగట అన్నాను. అయితే "చెప్పులు లేకుంట నడుస్తదా, అడుగు" అంది. ఇప్పుడు ఆ దారి సిమెంటు రోడ్డు. రాళ్లు లేవు, ముళ్లు లేవు. అయినా అన్నీ పిలవండి. ఒక్కటి కూడా వదలొద్దు, ఎవరు చూసినా సిగ్గుపడొద్దు. పిలిచి, ఆగండి. వెనక నుంచి నేను "విన్న" అనేదాకా రెండో అడుగు వెయ్యొద్దు.

18వ తేదీ, శనివారం, సాయంత్రం ఆరింటికి నా డ్యూటీ దిగుతుంది. అంతలోపు గేటు దగ్గర నా చేతికే జవాబు ఇవ్వండి. చెవిలో ఫోన్ లేకుండా.

స్వామి
కిష్టయ్య మనవడు